చప్పుడు ఎప్పుడొస్తోంది?

"ముందు ఎడమ పక్క కటకటమంటోంది మేస్త్రీ, షాకప్‌లు మార్చెయ్." పాత కారు తెచ్చేవాళ్లలో చాలామంది ఈ మాటతోనే దిగుతారు. ఏది పాడైందో, ఏది మార్చాలో దారిలోనే తేల్చేసుకుని ఉంటారు. నేను ఆ ఎడమ చక్రం దగ్గరికి వెంటనే వెళ్లను. ఎక్కడన్నది తర్వాత చూద్దాం, ఎప్పుడొస్తోందో చెప్పండి అంటాను. బ్రేకు తొక్కినప్పుడా, గుంతలో పడినప్పుడా, బండి నిలబెట్టి స్టీరింగ్ తిప్పినప్పుడా? పొద్దున్నే తీసినప్పుడు ఎక్కువా, ఎండెక్కాక ఎక్కువా? వాన పడిన రోజు తగ్గిందా? వెనక సీట్లో ముగ్గురు కూర్చుంటే మారిందా? వీటికి జవాబులు దొరికితే సగం పని అయిపోయినట్టే. అవి తెలియకుండా పానా పట్టుకుంటే ఒక్కో సామాను మార్చుకుంటూ పోవడమే, అదీ ఓనరు డబ్బుతో.

విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డు. నేను పని నేర్చుకున్నది అంబాసిడర్ల కింద. 2014 మేలో ఉత్తరపారా ఫ్యాక్టరీలో ఆ కారు తయారీ ఆగిపోయింది. అదే ఏడాది జనవరిలో మారుతి 800 కూడా ఆగింది. అంబాసిడర్ ఇప్పుడు అరుదుగా కనిపిస్తుంది కానీ 800లు, జెన్‌లు, పాత ఆల్టోలు, శాంట్రోలు మాకు వస్తూనే ఉంటాయి. వీటిలో చాలావాటికి ఇంజన్ ఇప్పటికీ గట్టిగానే ఉంటుంది. యజమానిని విసిగించేది కింది నుంచి వచ్చే చప్పుడు. ఇంట్లోవాళ్లు "ఇక దీన్ని అమ్మెయ్యండి" అనడం మొదలుపెట్టేది కూడా దానివల్లే. అరచేతిలో పట్టే రబ్బరు బుష్ అరిగినందుకు నిక్షేపంలాంటి కారును తెగనమ్ముకున్నవాళ్లను చూశాను. నాకు బాధ కలిగించే విషయం అది.

చెవిని ఎందుకు నమ్మకూడదో చెబుతాను. ఈ కార్లకు కింద విడిగా ఛాసిస్ ఉండదు. బాడీ అంతా రేకులు కలిపి వెల్డింగ్ చేసిన ఒకే ముక్క. ముందు చక్రం దగ్గర పుట్టిన చప్పుడు షాకప్ పైకొన గుండా బాడీలోకి ఎక్కి, ఇనుము వెంట పాకి, ఎక్కడ రేకు పలచగా ఉంటే అక్కడ గట్టిగా పలుకుతుంది. డ్రైవరు తల కుడివైపు అద్దం పక్కన ఉంటుంది, ఇంజను ముందుంటుంది, డాష్‌బోర్డు మధ్యలో అడ్డం. కుడి చక్రానిది ఎడమ సీటు కాళ్ల దగ్గర వినిపించడం మాకు మామూలే. వెనక ఇరుసుది ముందు సీటు కింద వినిపించిన బళ్లున్నాయి. అందుకే నేను చెవికంటే చేతిని ఎక్కువ నమ్ముతాను. ఒకరు బండిని ఊపుతుంటే, లేదా స్టీరింగ్ తిప్పుతుంటే, అనుమానం ఉన్న జాయింట్ మీద అరచెయ్యి పెట్టాలి. అరిగిన జాయింట్ అయితే ఆ దెబ్బ వేళ్లకు తగులుతుంది. పక్కన ఎంత లారీ హారన్ మోగుతున్నా ఆ కబురు తప్పదు. ఆటోనగర్‌లో చెవితో పనిచేయడం ఎలాగూ కష్టమే.

బండి లేపకముందే ఒక తిరుగుడు తిరిగి రావాలి. ఓనరునే నడపమంటాను, నేను పక్కన కూర్చుంటాను. చప్పుడు వచ్చే వేగం, క్లచ్ వదిలే తీరు, బ్రేకు నొక్కే తీరు ఆయనవి. నేను నడిపితే అది రాకపోవచ్చు. బయల్దేరేముందు డిక్కీ మొత్తం ఖాళీ చేయిస్తాను. స్టెప్నీ బిగించే బోల్టు వదులై ఉంటుంది, జాకీ దాని పట్టీలో ఉండదు, వెనక సీటు వీపు కొక్కెంలో పూర్తిగా పడి ఉండదు. ఒక ఆల్టోలో స్టెప్నీ గుంతలో ఎప్పుడో వాహన పూజకు తెచ్చిన కొబ్బరికాయ ఎండిపోయి దొర్లుతోంది. దాని కోసం అప్పటికే వెనక షాకప్‌లు రెండూ మార్పించుకుని వచ్చారాయన.

మా వీధుల్లో లారీలు తిరిగి తిరిగి సిమెంటు పగిలిపోయి ఉంటుంది, పరీక్షకు అంతకంటే మంచి రోడ్డు దొరకదు. ముందు స్పీడ్ బ్రేకర్ మీదికి తిన్నగా, రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా వెళ్లమంటాను. తర్వాత ఏటవాలుగా, ఒక చక్రం ముందు ఒక చక్రం వెనక ఎక్కేలా. ఈ రెండింటికీ తేడా ఉంటే చాలా తెలుస్తుంది. ముందు చక్రాలను రెండు పక్కలా కలుపుతూ స్టెబిలైజర్ బార్ అని ఒక కమ్మీ ఉంటుంది. మలుపులో బండి ఒక పక్కకు ఒరగకుండా పట్టుకునేది అదే. రెండు చక్రాలూ కలిసి లేస్తే ఆ కమ్మీ మెలి తిరగదు, ఒకటే లేస్తే తిరుగుతుంది. తిన్నగా వెళ్తే మాట్లాడకుండా, ఏటవాలుగా వెళ్తే కటకటలాడిందంటే నా అనుమానం ఆ కమ్మీ చివర ఉండే లింక్ రాడ్ల మీదికీ, దాన్ని బాడీకి పట్టి ఉంచే బుష్‌ల మీదికీ పోతుంది. షాకప్ మీదికి పోదు.

షాకప్ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే అన్నిటికంటే ఎక్కువగా అనవసరంగా మారేది అదే. దాని పని స్ప్రింగ్ ఊగిసలాటను ఆపడం. అది చచ్చిపోతే బండి ముందు ఊగుతుంది. బంపర్‌ను గట్టిగా నొక్కి వదిలితే ఒకసారి పైకి లేచి కుదురుకోవాలి, రెండు మూడుసార్లు ఊగిందంటే షాకప్‌లో పసలేదు. ఆయిల్ కారి ఒళ్లంతా దుమ్ము పట్టి ఉంటుంది, టైరు అక్కడక్కడా మచ్చలుగా అరుగుతుంది. లోపల బాగా అరిగినవి చప్పుడు చేస్తాయి, కాదనను. కానీ ఊగకుండా, ఆయిల్ కారకుండా, ఒట్టి చప్పుడు మాత్రమే చేసే బండికి షాకప్‌లు మార్చమని నేను చెప్పను. కొత్త షాకప్ వేశాక కూడా టకటక వస్తోందంటే మాత్రం పైనున్న నట్టు చూస్తాను. లోపలి రాడ్‌ను ఎలెన్ కీతో పట్టుకుని ఆ నట్టు బిగించాలి. గాలి గన్ను పెట్టి తిప్పితే రాడ్ కూడా నట్టుతోపాటే తిరుగుతుంది, బిగిసినట్టు అనిపిస్తుంది, బిగియదు.

మారుతి 800 సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఆ కారు అంటే నాకు ప్రేమ. 1986లో వచ్చిన రెండో మోడల్ నుంచి ఆఖరి బండి దాకా ముందు సస్పెన్షన్ దాదాపు ఒకటే. ఆరున్నర వందల కిలోలకు అటూ ఇటూగా ఉండే బండి, 12 అంగుళాల చక్రాలు. చక్రం చిన్నది కాబట్టి గుంతలో లోతుగా దిగుతుంది, దెబ్బ గట్టిగా తగులుతుంది. దీని ముందు భాగంలో విడిగా లింక్ రాడ్లు లేవు. స్టెబిలైజర్ బార్ రెండు కొనలూ నేరుగా, చక్రాన్ని కింద బాడీకి కలిపే లోయర్ ఆర్మ్‌లలోకి దూరి, బుష్‌లూ వాషర్లూ నట్టుతో బిగిసి ఉంటాయి. లోయర్ ఆర్మ్‌కు లోపలివైపు ఒక్కటే బుష్. అంటే చక్రం ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టుకునే బాధ్యత కూడా ఆ కమ్మీదే. ఒకే ఇనుప కడ్డీతో రెండు పనులు చేయించారు, తూకం తగ్గింది, ఖర్చు తగ్గింది. మంచి ఆలోచన. కానీ దాని బుష్‌లు అరిగితే రెండు పనులూ చెడతాయి.

కంకిపాడు వైపు నుంచి రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన తన 800ను తెచ్చారు. వేరే ఒక గ్యారేజీలో షాకప్‌లు మార్చారు, తర్వాత స్టీరింగ్ రాక్ మార్చారు, చప్పుడు అలాగే ఉంది. "ఎప్పుడొస్తోంది మాస్టారూ?" అన్నాను. "నువ్వొక్కడివే అడిగావయ్యా" అని, జేబులోంచి కాగితం తీశారు. ట్రాఫిక్‌లో బ్రేకు వేసి ఆగేటప్పుడు ఒక్కసారి దబ్బుమంటుంది. మళ్లీ కదిలేటప్పుడు ఇంకొక్కసారి. ఆ తర్వాత ఎంత వేగంగా పోయినా, ఎన్ని గుంతలెక్కినా ఏమీ ఉండదు. రివర్సులో వేసి బ్రేకు కొడితే మళ్లీ వస్తుంది. తేదీలతో సహా రాసుకున్నారు.

కాగితం చూడగానే విషయం అర్థమైంది. గుంతలకు రాని చప్పుడు పైకీ కిందికీ కదిలే భాగాలది అయ్యే అవకాశం తక్కువ. ఆగినప్పుడూ కదిలినప్పుడూ చక్రమే వెనక్కీ ముందుకూ జరుగుతోంది. బండిని పిట్ మీద పెట్టి, మా కుర్రాణ్ని సీట్లో కూర్చోబెట్టాను. ఒక కాలు బ్రేకు మీద ఉంచి, మొదటి గేరులో క్లచ్ కొంచెం వదలమన్నాను, తర్వాత రివర్సులో. నేను కింద నుంచి టార్చి వేసి చూస్తుంటే చక్రం మడ్‌గార్డులో ముందుకూ వెనక్కూ కదలడం స్పష్టంగా కనిపించింది. మాస్టారిని కూడా పిట్‌లోకి దించి చూపించాను. కమ్మీ కొనల బుష్‌లు రెండు పక్కలా పిండి అయిపోయి ఉన్నాయి. ఆ బుష్‌లు, బాడీ దగ్గర బ్రాకెట్ల బుష్‌లు కలిపి మార్చాం. అప్పటికి ఆయన పెట్టిన ఖర్చులో పదో వంతు కూడా కాలేదు.

ఇలాంటి పరీక్షలు ఎన్నో ఉన్నాయి, ఏవీ కష్టం కాదు. చక్రాన్ని లేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట, అంటే వదులు, ఉందనుకోండి. అది వీల్ బేరింగ్‌దో బాల్ జాయింట్‌దో ఊపితే తెలియదు. ఒకరిని బ్రేకు తొక్కి పట్టమని మళ్లీ ఊపాలి. ఆట పోతే బేరింగ్, పోకపోతే జాయింట్. ఎడమకూ కుడికీ పట్టుకుని ఊపితే ఆట ఉంటే టై రాడ్ ఎండ్, లేదా రాక్ లోపలి జాయింట్. గరుకు రోడ్డు మీద వచ్చే గలగల, బ్రేకు మీద కాలు ఆనించగానే ఆగిపోతే అది సస్పెన్షన్‌ది కానే కాదు, బ్రేకు ప్యాడ్లూ కాలిపర్ పిన్నులూ ఆడుతున్నాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ ఇస్తే టకటకమనేది డ్రైవ్ షాఫ్ట్ జాయింట్. నిలబెట్టి స్టీరింగ్ తిప్పినప్పుడు స్ప్రింగ్ ఉండుండి ఒక్కసారి టంగుమని జారితే షాకప్ పైన ఉండే బేరింగ్ బిగిసిపోయింది. స్ప్రింగ్ మీద చెయ్యి వేసి ఉంచితే ఆ జారుడు తెలుస్తుంది. అయితే బండి నేల మీద ఉండగా, వేళ్లు చుట్ల మధ్యలోకి పోనివ్వకుండా.

లింక్ రాడ్లున్న కార్లలో ఒక తిరకాసు ఉంది. ఒక్క పక్క జాకీ పెట్టి లేపితే స్టెబిలైజర్ బార్ మెలి తిరిగి లింక్‌ను గట్టిగా లాగి పట్టుకుంటుంది. అప్పుడు ఎంత అరిగిన లింక్ అయినా బిగుతుగానే ఉంటుంది. చేత్తో ఊపి "బాగానే ఉంది" అని చెప్పేస్తారు. రెండు చక్రాలూ నేల మీద ఉండగా పిట్‌లోంచి చూడాలి, లేదంటే రెండు పక్కలా సమానంగా లేపాలి.

ఇక బుష్ బిగించే పద్ధతి. దీని మీద నేను ఎవరితోనైనా వాదనకు దిగుతాను. లోయర్ ఆర్మ్ బుష్ అంటే బయట ఒక ఇనుప గొట్టం, లోపల ఒక ఇనుప గొట్టం, మధ్యలో రెండింటికీ అతుక్కుని ఉన్న రబ్బరు. మోకాలి ఎముకల మధ్య గుజ్జులాంటిది ఆ రబ్బరు. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం బాడీకి కదలకుండా పట్టేస్తుంది. అప్పటి నుంచి ఆర్మ్ లేచినా దిగినా రబ్బరే మెలి తిరగాలి. బండి జాకీ మీద ఉన్నప్పుడు చక్రం కిందికి వేలాడుతుంటుంది. ఆ స్థితిలో బోల్టు బిగించి బండి దించితే, నిలబడి ఉన్నంతసేపూ రబ్బరు మెలి తిరిగే ఉంటుంది. గుంతలో పడితే ఇంకా తిరుగుతుంది. కొన్ని నెలల్లో చిరిగిపోతుంది. అప్పుడు "సామాను డూప్లికేట్" అంటారు. సామాను మంచిదే, బిగించిన తీరు మంచిది కాదు.

సరైన పద్ధతికి అదనంగా కావాల్సింది కాస్త ఓపిక. బోల్టులు చేతి బిగువు వరకే ఎక్కించాలి. బండిని కిందికి దించి, ముందూ వెనక్కూ నెట్టి, రెండుసార్లు బంపర్ నొక్కి, చక్రాలు వాటి సహజమైన ఎత్తులో కుదురుకునేలా చేయాలి. ఆ తర్వాత పిట్‌లోకి దిగి చివరి బిగువు ఇవ్వాలి. పిట్ లేకపోతే ఆర్మ్ కింద జాకీ పెట్టి బండి బరువు దాని మీద పడేదాకా లేపి బిగించవచ్చు. పనిలోకి వచ్చే ప్రతి కుర్రాడికీ నేను మొదటి వారంలోనే ఇది నేర్పుతాను, నా ముందే చేయిస్తాను. తొందరలో ఉన్న ఓనరు "బిగించెయ్యవయ్యా, పెళ్లికి పోవాలి" అన్నా సరే ఈ పని ఆగదు.

కిర్రు కిర్రుమనే చప్పుళ్లది మరో దారి. ఎండాకాలంలో మా ఊళ్లో 45 డిగ్రీలు దాటిన రోజులుంటాయి. ఇంజను వేడి, రోడ్డు వేడి కలిసి రబ్బరును ఎండబెట్టేస్తాయి. వాన రోజున ఆ కిర్రు మాయమై, ఆరాక మళ్లీ వస్తుందంటే పొడిబారిన రబ్బరే. ఏ బుష్‌దో తేల్చడానికి ఒక్కో దాని మీదా సబ్బు నీళ్లు చిమ్ముతూ బండిని ఊపిస్తాను. ఎక్కడ చిమ్మినప్పుడు నోరు మూతపడిందో అదే. ఇది వెతకడానికి మాత్రమే. చాలామంది ఓనర్లు సర్వీసింగ్‌లో కింద పాత ఇంజన్ ఆయిల్ కొట్టించుకుంటారు. ఆ అలవాటు కమాన్ కట్టల కాలం నాటిది. అంబాసిడర్ వెనక కమాన్ పట్టీలు ఒకదాని మీద ఒకటి రాసుకునేవి, ఇనుముకూ ఇనుముకూ మధ్య నూనె ఉంటే మంచిదే, గ్రాఫైట్ గ్రీజు ఇంకా మంచిది. కానీ మామూలు రబ్బరుకు ఇంజన్ ఆయిల్ విషం. ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, పొరలుగా ఊడుతుంది. కిర్రు ఆ పూటకు పోతుంది, బుష్ ఆయుష్షూ పోతుంది. తప్పనిసరై ఏదైనా రాయాలంటే సిలికాన్ గ్రీజు రాయండి.

వెనక చప్పుళ్లు సాధారణంగా తేలిక. 800 వెనక ఇరుసుకు పొడవునా రెండు లింకులు, అడ్డంగా ఒక లాటరల్ రాడ్ ఉంటాయి. మలుపు తిరుగుతుంటే వెనక నుంచి ఒక్క దెబ్బ వినిపించి ఊరుకుంటే నేను ఆ అడ్డ రాడ్ బుష్‌లు చూస్తాను. వెనక షాకప్ కింది కన్నులోని రబ్బరు కూడా త్వరగా పోతుంది.

సామాను విషయంలో నా నియమం చిన్నది. రబ్బరు బుష్, బాల్ జాయింట్, టై రాడ్ ఎండ్ కంపెనీ సామానే వేస్తాను, లేదా కారు కంపెనీలకు నేరుగా సరఫరా చేసేవాళ్లది. గోరుతో నొక్కితే రాయిలా ఉండే బుష్‌ను ఎంత చవకైనా ముట్టుకోను. అది చప్పుడును ఆపకపోగా ప్రతి దెబ్బనూ బాడీకి అందిస్తుంది. షాకప్‌లు, స్ప్రింగులు జతగానే మారాలి. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది ఉంటే గట్టి బ్రేకులో బండి సమానంగా నిలవదు. లోయర్ ఆర్మ్, టై రాడ్ విప్పితే వీల్ అలైన్‌మెంట్ చేయించకుండా బండి ఇవ్వను.

కూలి గురించి కూడా నిర్మొహమాటంగా చెబుతాను. సామాను మార్చినందుకు డబ్బివ్వడానికి అందరూ సిద్ధమే, వెతికినందుకు ఇవ్వమంటే ముఖం మారుతుంది. పూట పట్టి వెతికి ఒక నట్టు బిగించి పంపిస్తే "నట్టు బిగించడానికి ఇంతా?" అంటారు. వెతకడానికి కూలి దొరకని చోట మెకానిక్ వెతకడు, సామాను మారుస్తాడు. అందుకే నేను బండి ముట్టుకోకముందే వెతుకుడు కూలి ఎంతో చెప్పేస్తాను. ఒప్పుకున్నవాళ్లకు చివరికి చాలా డబ్బు మిగులుతుంది.

స్ప్రింగ్ విప్పే పని ఇంట్లో చేయకండి. యూట్యూబ్ చూసి ప్రయత్నించే కుర్రాళ్లు పెరిగారు, వాళ్ల ఉత్సాహం నాకు ఇష్టమే. కానీ షాకప్ మీద నొక్కి పెట్టిన స్ప్రింగ్‌లో మనిషిని చంపేంత బలం ఉంటుంది. సరైన స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా పై నట్టు విప్పకూడదు. అలాగే ఒట్టి జాకీని నమ్మి బండి కిందికి దూరకూడదు. స్టాండ్లు వేయాలి, లేకపోతే గట్టి దుంగలు పెట్టాలి.

బందరు, చీరాల లాంటి సముద్రపు గాలి ఊళ్ల నుంచి వచ్చే పాత కార్లకు నేను ఇంకో చోట కూడా చూస్తాను. బానెట్ ఎత్తి, షాకప్ పైకొన బాడీకి బిగిసే చోట కార్పెట్టులా పేరుకున్న మట్టి గీకి, స్క్రూడ్రైవర్‌తో పొడుస్తాను. తుప్పుకు రేకు దిగిపోతే అక్కడ వేసే కొత్త సామాను ఏదీ నిలవదు, ముందు బాడీ వెల్డింగ్ జరగాలి. స్ప్రింగ్ అట్టడుగు చుట్టు కూడా అది కూర్చునే గిన్నెలో తుప్పు పట్టి విరుగుతుంది. విరిగిన ముక్క గిన్నెలోనే ఉండిపోయి చిన్నగా టిక్కుటిక్కుమంటుంది. బండి ఒక పక్క కాస్త కిందికి దిగి ఉండటం తప్ప బయటికి మరేమీ కనిపించదు.

వీటన్నిటిలో బండిని తిరిగి రోడ్డెక్కనివ్వనిది ఒక్కటుంది. లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్‌ను రాడ్ పెట్టి ఎత్తితే పైకీ కిందికీ కనిపించేంత ఆట ఉంటే, ఆ గుండు గిన్నెలోంచి ఊడిరావడానికి ఒక్క గుంత చాలు. ఊడితే చక్రం కింది భాగం బయటికి పోయి మడిచినట్టు పడిపోతుంది, స్టీరింగ్ చేతిలో ఉన్నా ప్రయోజనం ఉండదు. అలాంటి బండి ఓనరు "రేపు తెస్తాను, ఇవాళ గుడివాడ వెళ్లొచ్చేస్తా" అంటే తాళాలు నా దగ్గరే ఉంచుకుని, బస్టాండుకు ఆటో మాట్లాడి పంపిస్తాను. జాయింట్ బజారులో దొరికితే సాయంత్రానికి బండి సిద్ధం.